మురుగు కాలువ పూడినప్పుడు

గోదావరి డెల్టాలో ఏ రైతుని కదిపినా రెండు రకాల కాలువల గురించి చెబుతాడు. ఒకటి పంట కాలువ. ధవళేశ్వరం దగ్గర బయల్దేరి, పాయలుగా చీలి, చివరికి బోదెలోంచి చేలోకి నీరు దించేది. రెండోది మురుగు కాలువ. చేలో మిగిలిన నీటినీ, కురిసిన వాననీ పట్టుకుపోయి సముద్రంలో కలిపేది. పంట కాలువకి నీరు వదిలిన రోజు పూజ చేస్తారు, పేపర్లో ఫొటో వస్తుంది. మురుగు కాలువ ఊసు ఎవరూ ఎత్తరు. గుర్రపు డెక్క పేరుకుని అది పూడిపోయి, ఒక్క అల్పపీడనానికి నాట్లు వారం రోజులు నీళ్ళలో నానినప్పుడు గాని అదొకటుందని గుర్తురాదు.

మన ఒంట్లోనూ ఇదే పక్షపాతం. గుండె గురించి, రక్తనాళాల గురించి బడిపిల్లలకీ తెలుసు. శోషరస నాళాల పేరు మాత్రం పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న వస్తే తప్ప వినబడదు. ఈ అధ్యాయం ఆ రెండు మార్కుల నాళాల గురించి, అవి పూడితే వాచే కాళ్ళూ చేతుల గురించి.

సన్నని రక్తనాళాల గోడల్లోంచి నీరూ, దాంతోపాటు కాస్త ప్రొటీనూ కణాల మధ్య సందుల్లోకి ఎప్పుడూ ఊరుతూనే ఉంటాయి. ఊరిన నీటిలో ఎక్కువ భాగాన్ని సిరల వైపు సన్నని నాళాలే తిరిగి లాక్కుంటాయని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. ఇటీవలి పరిశోధన ఆ మాటను సవరించింది. చాలా చోట్ల ఆ నీటిని తోడే పని ప్రధానంగా శోషరస నాళాలదే. ప్రొటీన్‌ని వెనక్కి చేర్చే దారి ఎలాగూ అదొక్కటే. ఈ నాళాలకు గుండె లాంటి పంపు లేదు. నాళమంతా కవాటాలతో గదులు గదులుగా ఉంటుంది. ఒక్కో గది నిమిషానికి కొన్నిసార్లు తనంతట తాను ముడుచుకుని, పై గదిలోకి నీటిని నెడుతుంది. నడిచేటప్పుడు పిక్కలు పిండుతాయి, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ లాగుతుంది. అలా ఆ నీరు కాలి నుంచి గజ్జల్లోని గ్రంథులకీ, అక్కణ్ణుంచి పొట్టలోకీ, ఛాతీలోని పెద్ద నాళంలోకీ ఎక్కి, ఎడమవైపు మెడ మొదట్లో ఉన్న సిరలో కలుస్తుంది. రోజుకు 2 నుంచి 4 లీటర్లు. డెల్టా మురుగుని ఉప్పుటేరు సముద్రానికి పట్టుకుపోయినట్టు.

ఈ నాళాలు కనబడకపోవడానికి కారణం అవి రంగులేని నీటిని మోయడమే. 1622లో ఇటలీలో గాస్పరే అసెల్లి అనే శరీర శాస్త్రవేత్త, అప్పుడే తిండి తిన్న ఒక కుక్క పొట్ట కోసి చూస్తుంటే పేగుల చుట్టూ తెల్లటి దారాలు కనిపించాయి. నరాలనుకున్నాడు. ఒకదాన్ని కోస్తే పాల లాంటి ద్రవం కారింది. ఆ తెలుపు, తిన్న తిండిలోని కొవ్వు. కుక్క ఖాళీ కడుపుతో ఉండుంటే ఆయనకి ఏమీ కనబడేది కాదు. తర్వాత 30 ఏళ్ళకి స్వీడన్‌లో రుడ్‌బెక్, డెన్మార్క్‌లో బార్తోలిన్ ఒంట్లో మిగతా చోట్ల కూడా ఈ నాళాలున్నాయని చూపించి, ముందెవరు చూశారన్న విషయం మీద చాలాకాలం తగువులాడుకున్నారు.

కాలువ పూడితే ఏమవుతుంది? మొదట్లో వట్టి నీరే. సాయంత్రానికి కాలు బరువెక్కుతుంది, చెప్పు పట్టీ గుర్తు పడుతుంది, రాత్రి కాలు ఎత్తు మీద పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి తగ్గుతుంది. చాలామంది ఈ దశలో పట్టించుకోరు, తగ్గుతోంది కదా అని. అసలు నష్టం లోపల మొదలవుతుంది. నిలిచిపోయిన నీటిలో ప్రొటీన్ ఉంది కాబట్టి ఒళ్ళు దానికి స్పందిస్తుంది. నెమ్మదిగా వాపు జాగాలో పీచులాంటి కణజాలం, దాంతోపాటు కొవ్వు పేరుకుంటాయి. ఇప్పుడు వేలితో నొక్కినా గుంట పడదు, పొద్దున్నే తగ్గదు. చర్మం మందంగా, గరుగ్గా తయారై, మడతలు పడి, మీద గుల్లలు కడుతుంది. చెరువులో నీరు ఇంకిపోయినా ఒండ్రు మిగిలినట్టు.

అందుకే మూత్రం ఎక్కువగా పోవడానికి ఇచ్చే మాత్రలు ఈ వాపుకి పనికిరావు. అవి నీటిని లాగుతాయి, ప్రొటీన్‌ని అక్కడే వదిలేస్తాయి. నాలుగు రోజులు తగ్గినట్టుంటుంది, మళ్ళీ మామూలే. అయినా ఊళ్ళో కాలు వాచిందంటే ముందు ఆ మాత్రే చేతిలో పడుతుంది. వాపులన్నీ ఒకటే అన్న నమ్మకం అంత గట్టిది.

వాపులన్నీ ఒకటి కావు. రెండు కాళ్ళూ సమానంగా వాచి, ఆయాసం ఉంటే గుండె వైపు చూడాలి. పొద్దున్నే ముఖం, కళ్ళ కింద ఉబ్బుతుంటే కిడ్నీల వైపు, పొట్టలో నీరు చేరి ఒళ్ళు పచ్చబడితే కాలేయం వైపు. రక్తపోటుకి వేసుకునే అమ్లోడిపిన్ వల్ల కూడా చీలమండలు వాస్తాయి. ఒక్క కాలు ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా వాచి పిక్క నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. దానికి ఆయాసమో ఛాతీ నొప్పో తోడైతే గంట కూడా ఆగకూడదు. నడివయసు దాటినవాళ్ళకి ఏ కారణమూ లేకుండా ఒక కాలు నెమ్మదిగా వాస్తుంటే, పొత్తికడుపులో ఏదైనా కణితి దారిని నొక్కుతోందేమో స్కానింగ్ చేసి చూడటం మంచిది. ఈ జాబితా భయపెట్టడానికి కాదు. బోదకాలు అని మనకి మనమే ముద్ర వేసుకుని ఇంట్లో కూర్చోకుండా ఉండటానికి.

శోషరస వాపుకి ఒక సులువైన గుర్తుంది. కాలి బొటనవేలి పక్కవేలు మొదట్లో, పైవైపు చర్మాన్ని రెండు వేళ్ళతో చిటికెలా పట్టి మడత లేపి చూడండి. మామూలు కాలికి పల్చగా లేస్తుంది. ఈ వాపున్న కాలికి లేవదు, అట్టలా ఉంటుంది. స్టెమ్మర్ అనే వైద్యుడి పేరు మీద ఉన్న పరీక్ష ఇది. చర్మం లేవకపోతే దాదాపు ఖాయం. లేచినంత మాత్రాన మాత్రం జబ్బు లేదని కాదు, మొదటి దశల్లో లేస్తుంది. ఇంకో తేడా, గుండె, కిడ్నీ వాపుల్లో సాధారణంగా చీలమండ దగ్గర ఎక్కువ కనిపిస్తుంది. శోషరస వాపు పాదం పైభాగాన్నీ వేళ్ళనీ కూడా వదలదు. వేళ్ళు చదరంగా, బొద్దుగా కనిపిస్తాయి.

మన కోస్తాలో ఈ వాపుకి పెద్ద కారణం ఒక పురుగు. నూలు పోగంత సన్నంగా ఉండి, శోషరస నాళాల్లోనే కాపురం పెట్టే ఫైలేరియా. ఆడది 8 నుంచి 10 సెంటీమీటర్లు, మగది అందులో సగం కూడా ఉండదు. ఐదారేళ్ళకు పైగా బతుకుతూ, లక్షల్లో సూక్ష్మ పిల్లల్ని రక్తంలోకి వదులుతుంది. ఆ పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల్లో దాక్కుని, అర్ధరాత్రి వేళ చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. ఎందుకంటే వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది ఆ వేళకే. ఫైలేరియా సిబ్బంది రాత్రి పది తర్వాత తలుపు తట్టి వేలు పొడిచి రక్తం తీసుకెళ్ళడంలో మర్మం ఇదే. పగలు తీస్తే చాలాసార్లు ఏమీ కనిపించదు.

ఈ క్యూలెక్స్ పుట్టేది మంచినీళ్ళలో కాదు, మురుగు నీళ్ళలో. అంటే బయటి మురుగు కాలువ పూడితే దోమ, దోమ కుడితే లోపలి మురుగు కాలువ పూడటం. భీమవరం మధ్యనుంచి పారే యనమదుర్రు డ్రెయిన్ పక్కన నిలబడితే ఈ రెండు కాలువల బంధుత్వం ఎవరూ చెప్పక్కర్లేదు, ముక్కుకే తెలుస్తుంది.

ఫైలేరియా పురుగు దోమ కడుపులో పెరుగుతుందని 1877లో చైనాలోని అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్ కనిపెట్టాడు. రోగాన్ని దోమ మోస్తుందన్న ఊహకి అదే తొలి ఆధారం. ఆ ఊహని వెంటేసుకునే ఆయన శిష్యుడు రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాద్‌లో దోమలు కోసి మలేరియా గుట్టు విప్పాడు. మాన్సన్ మాత్రం దోమ చచ్చి నీళ్ళలో పడితే, ఆ నీళ్ళు తాగిన మనిషికి బోదకాలు వస్తుందని నమ్మాడు. సగం దారి చూసి మిగతా సగం ఊహించడం పెద్దవాళ్ళకీ తప్పలేదు.

మందు కథలో తెలుగు ముడి ఇంకా బిగువు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు సారథిగా ఉన్నప్పుడు, పసిఫిక్ దీవుల్లో యుద్ధం చేసే అమెరికన్ సైనికులకి ఫైలేరియా సోకి వాపులొచ్చాయి. ఆయన బృందం 1947లో తెచ్చిన డైఇథైల్ కార్బమజైన్, మన ఆరోగ్య కార్యకర్తల నోట డీఈసీ, ఈనాటికీ ఈ పురుగు మీద మనకున్న ప్రధాన ఆయుధం. మరుసటి ఏడు ఆగస్టులోనే ఆయన కన్నుమూశాడు. పరాయి సైనికుల కోసం తయారైన బిళ్ళ, 1955లో మొదలైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం వెంట ఆయన పుట్టిన ఊరికీ వచ్చింది.

2004 నుంచి దేశంలో ఈ జబ్బున్న జిల్లాల్లో ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి ఈ మాత్రలు మింగిస్తున్నారు. తర్వాత ఆల్బెండజోల్ తోడైంది. కొన్ని జిల్లాల్లో 2018 నుంచి ఐవర్‌మెక్టిన్ కూడా కలిపారు. రెండేళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి, మంచాన పడ్డవాళ్ళకి ఇవ్వరు. నాకు బోదకాలు లేదుగా, నేనెందుకు మింగాలి అన్నది ప్రతి వీధిలో వినిపించే ప్రశ్న. జవాబు చిన్నదే. రక్తంలో పిల్లపురుగులున్న మనిషికి తరచు ఏ లక్షణమూ ఉండదు. ఊరికి పంచేది అతనే. మాత్ర పిల్లపురుగుల్ని చంపుతుంది గాని పెద్ద పురుగుల్లో చాలావాటిని వదిలేస్తుంది. అందుకే వాటి ఆయుష్షు తీరేదాకా ఏటా మింగాలి. మింగాక జ్వరం, తలతిప్పు వస్తే చాలావరకు అది లోపలి పిల్లపురుగులు చస్తున్న అలికిడి. ఉప్పులో కూడా ఈ మందు కలిపి తినిపించిన చైనా 2007లో, మన పక్కనున్న శ్రీలంక 2016లో ఈ జబ్బు పీడ వదిలించుకున్నాయి.

ఇక్కడిదాకా చదివినవాళ్ళు, అయితే వాచిన కాలుకి కూడా ఆ మాత్రే మందు అనుకుంటారు. కాదు. ఇరవై ఏళ్ళుగా బోదకాలుతో ఉన్న మనిషి రక్తం అర్ధరాత్రి తీసి చూసినా సాధారణంగా పురుగు కనిపించదు. అది ఎప్పుడో చచ్చింది. చస్తూ నాళాన్ని పాడుచేసి పోయింది. మరి పురుగు లేని కాలు ఏటేటా ఎందుకు లావవుతోంది?

దీనికి స్పష్టమైన జవాబు 1990లలో బ్రెజిల్‌లోని రెసిఫే నగరం నుంచి వచ్చింది. అక్కడ జెరూసా డ్రైయర్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు రోగుల జ్వరాల్ని జాగ్రత్తగా గమనించారు. బోదకాలున్నవాళ్ళందరికీ తెలిసిన జ్వరం అది. ఒణికించే చలి, గజ్జల్లో బిళ్ళ కట్టడం, కాలు ఎర్రబడి నిప్పులా కాలడం, నాలుగైదు రోజులు మంచం. పురుగు చచ్చేటప్పుడు వచ్చే మంట గజ్జల నుంచి కిందికి పాకుతుంది. కానీ ఈ జ్వరాల్లో చాలావరకు పాదం నుంచి పైకి పాకేవే. కారణం పురుగు కాదు, మామూలు బాక్టీరియా. వేళ్ళ సందుల్లో చర్మం నాని చీలిన చోట, గోరు మూల తెగిన చోట, మడమ పగుల్లో అది దూరుతుంది. కాపలా కాయాల్సిన శోషరసమే నిలిచిపోయింది కాబట్టి అక్కడ దానికి అడ్డులేదు. ప్రతి జ్వరం మిగిలిన నాళాల్ని మరికాస్త చెరిపేస్తుంది. జ్వరం తగ్గాక కాలు ముందున్న కొలతకి పూర్తిగా రాదు. అంటే కాలిని ఏనుగు కాలుగా మార్చేది మొదట కుట్టిన దోమకంటే, తర్వాత ఏళ్ళతరబడి తెరిచి ఉన్న ఆ చిన్న చీలికలు.

ఇది తెలిశాక వైద్యం అడ్రసు మారిపోయింది. ఆసుపత్రి నుంచి పెరట్లోని నూతి గట్టుకి వచ్చింది. సబ్బూ నీళ్ళే మందు. వినడానికి చిన్నతనంగా ఉంటుంది. పాతికేళ్ళ జబ్బుకి కాలు కడుక్కోమని చెబితే రోగి మొహం చిన్నబుచ్చుకుంటాడు, ఇంజెక్షన్ ఇవ్వనందుకు. కానీ కడగడంలో కూడా ఒక పద్ధతుంది.

పీట వేసుకుని కూర్చోవాలి. చల్లటి, శుభ్రమైన నీళ్ళు, వాసనలు ఘాటుగా లేని మామూలు సబ్బు. మోకాలి నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. చేత్తోనో మెత్తటి గుడ్డతోనో రుద్దాలి, పీచూ బ్రష్షూ రాయీ వద్దు. గరుకు చర్మం గోకితే కొత్త చీలిక పుడుతుంది. చర్మం మడతల లోపల, ప్రతి వేలి సందులో విడిగా వేలు పెట్టి కడగాలి. నురగ పూర్తిగా పోయేదాకా నీళ్ళు పోయాలి. ఆ తర్వాతదే అసలు పని, ఆరబెట్టడం. తువ్వాలుతో అద్దాలి, రుద్దకూడదు. వేళ్ళ సందుల్లోకి తువ్వాలు దూరదు కాబట్టి పల్చటి నూలుగుడ్డ పేలికని సందుసందునా దోపి తడి తీయాలి. తడి మిగిలిందంటే రెండు రోజుల్లో అక్కడ తెల్లగా నాని, దురద పెట్టి, చీలుతుంది. అలా నాని ఉంటే శిలీంధ్రాన్ని చంపే ఆయింట్‌మెంట్ రాయాలి. ప్రభుత్వం ఫైలేరియా రోగులకిచ్చే కిట్టులో టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, ఆయింట్‌మెంట్ ఉండేది ఇందుకే. చాలా ఇళ్ళలో ఆ టబ్బులో బట్టలు నానుతుంటాయి. వాళ్ళని తప్పుపట్టలేం, దాని ఉపయోగం ఎవరైనా కూర్చుని చేసి చూపిస్తే కదా.

కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద ఉండాలి. మంచం కాళ్ళవైపు కింద ఇటుకలు పెట్టొచ్చు, గుండె జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టరుని అడిగాకే. పాదాన్ని గుండ్రంగా తిప్పడం, గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేచి దిగడం పిక్కల పంపుని నడిపిస్తాయి. వెడల్పు చెప్పులు కావాలి, గాలి ఆడేవి. బోదకాలుకి సరిపడే చెప్పు ఏ షాపులోనూ దొరకదు, కొలత ఇచ్చి కుట్టించుకోవాలి. చెప్పు లేకుండా నాట్లకి దిగేవాళ్ళకి ఈ సలహా ఎంత దూరమో నాకు తెలుసు. కనీసం గట్టెక్కగానే కడిగి ఆరబెట్టుకోవాలి.

జ్వరం వచ్చిన రోజు లెక్క వేరు. ఆ రోజు వ్యాయామం లేదు, కట్టు లేదు, ఫైలేరియా మాత్ర కూడా వద్దు. విశ్రాంతి, తడిగుడ్డ, పారాసెటమాల్, డాక్టరు రాసిన యాంటీబయాటిక్ పూర్తి కోర్సు. పసరు కట్లు, వాతలు, బ్లేడుతో గాటు పెట్టి చెడు రక్తం తీయించడం, ఇవన్నీ బాక్టీరియాకి తలుపు తెరిచి పిలవడమే. అదే పురుగు మగవాళ్ళకి తెచ్చే వరిబీజం సంగతి మాత్రం వేరు. దానికి ఆపరేషన్ ఉంది, చేయించుకుంటే పోతుంది. సిగ్గుపడి దాచుకున్న ఏళ్ళే దాని అసలు నష్టం.

దోమ ప్రమేయమే లేని శోషరస వాపు కూడా మన నగరాల్లో కనిపిస్తోంది. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసేటప్పుడు చంకలోని గ్రంథులు తీసేస్తారు, కొందరికి అక్కడే రేడియేషన్ ఇస్తారు. గ్రంథులన్నీ తీయించుకున్నవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఆ వైపు చెయ్యి వాస్తుంది, నెలల్లో కావచ్చు, ఏళ్ళకి కావచ్చు. తొలి సంకేతం డాక్టరు టేపుకంటే ముందు ఇంట్లో తెలుస్తుంది. నిన్నటిదాకా ఎక్కిన గాజు ఇవాళ సబ్బు రాసినా ఎక్కదు. జాకెట్టు ఒక చెయ్యి బిగుతై, కుట్టు విప్పించాల్సి వస్తుంది. ఉంగరం గుర్తు పోదు. ఆ రోజే చెప్పాలి. మెత్తని దశలో పట్టుకుంటే చెయ్యి చాలావరకు వెనక్కి వస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల ముందుగా ఒకటి రెండు కాపలా గ్రంథులు మాత్రమే తీసి చూసి, అవి శుభ్రంగా ఉంటే మిగతావాటి జోలికి పోవడం లేదు. దాంతో వాపు వచ్చేవాళ్ళు బాగా తగ్గారు.

ఈ ఆడవాళ్ళకి చాలాకాలం ఇచ్చిన సలహా ఒకటే, ఆ చేత్తో బరువు ఎత్తొద్దు. బిందె ఎత్తొద్దు, బిడ్డని ఎత్తొద్దు. 2009లో అమెరికాలో కాథరిన్ ష్మిట్జ్ బృందం చెయ్యి వాచిన 141 మంది ఆడవాళ్ళతో ఈ మాటని పరీక్షించింది. సగం మందితో వారానికి రెండుసార్లు, కొద్దికొద్దిగా పెంచుతూ, శిక్షకుల పర్యవేక్షణలో బరువులు ఎత్తించారు. వాపు పెరగలేదు. పైగా వాపు ఉన్నట్టుండి ముదరడం వాళ్ళలో తగ్గింది. భయం మీద కట్టిన ఎన్ని సలహాలు ఇలా నిలబడవో. వంటింట్లో జాగ్రత్త మాత్రం నిజమే. కత్తిపీట గాటు, నూనె చిట్లిన బొబ్బ, మొక్కల ముల్లు, ఇవి ఆ చేతికి వేళ్ళ సందు చీలికలతో సమానం.

కట్టు విషయం వైద్యుడి దగ్గర నేర్చుకోవాల్సిందే. మందుల షాపులో దొరికే, రబ్బరులా బాగా సాగే క్రేప్ బ్యాండేజీ దీనికి సరిగ్గా పనికిరాదు. అది పడుకున్నప్పుడూ నొక్కుతూనే ఉంటుంది, నడిచేటప్పుడు కండరంతో పాటు సాగిపోతుంది. కావాల్సింది తక్కువ సాగే పట్టీ. కండరం ఉబ్బినప్పుడు అది గోడలా నిలబడి లోపలి నీటిని పైకి పిండుతుంది, విశ్రాంతిలో వదులవుతుంది. చీలమండ దగ్గర బిగువు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. తిరగబడితే కాలువకి అడ్డుకట్ట వేసినట్టే. కాలికి రక్తం సరిగా అందని షుగర్ రోగులకి కట్టు ప్రమాదం, ముందు నాడి చూడాలి. కొలత తగ్గాక నిలబెట్టుకోవడానికి బిగువు మేజోళ్ళు. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలో ఆ మేజోడు వేసుకుని తిరగమనడం ఎంత క్రూరమో రాసిచ్చేవాళ్ళు ఒకరోజు వేసుకుని చూస్తే బాగుండును. కేరళలోని కాసరగోడ్‌లో ఒక చర్మవైద్య సంస్థ కట్లకి ఆయుర్వేద కషాయ స్నానాలు, యోగాసనాలు, దీర్ఘశ్వాస జోడించి, ఇంట్లోనే చేసుకునే క్రమాన్ని రూపొందించింది. చర్మం మెత్తబడితేనే కట్టు పనిచేస్తుందన్నది అక్కడి అనుభవం.

కొలత మాత్రం ఎవరికి వారే పెట్టుకోవచ్చు. దర్జీ టేపుతో, చీలమండ దగ్గరా, మోకాలికి బెత్తెడు కిందా, ప్రతి ఆదివారం పొద్దున్నే, అదే చోట. క్యాలెండరు మీద రాసుకుంటే చాలు. రెండు వారాలు వరసగా పెరిగితే ఏదో ఒక వేలి సందులో చీలిక ఉందేమో వెతకాలి.

ఒక చిక్కు ఎవరి లెక్కలోకీ రాదు. కాలు లావైన మనిషి వంగి తన పాదాన్ని అందుకోలేడు. ఆరబెట్టాల్సిన ఆ ఐదో వేలి సందు అతనికి కనబడను కూడా కనబడదు. బోదకాలు చూడటానికి ఇంటికొచ్చే ఆరోగ్య కార్యకర్త మందులు వేసుకుంటున్నారా అని అడిగి రిజిస్టర్లో రాసుకుని వెళ్తుంది. ఆవిడ అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. మీ ఇంట్లో మీ కాలివేళ్ళు తుడిచేది ఎవరు?